బ్రాందీ మూతలతో బట్ట కుట్టిన మాస్టారు
(తెలుసుకుందాం శీర్షిక – ప్రపంచ కళాకారులు)



ఈసారి గోడపత్రికకి చీటీలు వేస్తే నాకు 'ప్రపంచ కళాకారులు' అనే చీటీ వచ్చింది. నేను భయపడ్డాను. ఎందుకంటే నాకు బొమ్మలు రావు. నెమలి వేస్తే కోడి వస్తాది. ఆ సంగతి మా గదిలో అందరికీ తెలుసు. అప్పుడు సోషల్ మేడం గారు నాకొక ఫొటో చూపించారు. గోడ నిండా బంగారు రంగు బట్ట వేలాడుతోంది. మధ్యలో ఎరుపు, నలుపు, అక్కడక్కడ వెండి మెరుపు. మడతలు మడతలుగా జారుతోంది. నా పక్కనున్న అమ్మాయి "పట్టుచీర" అంది. ఇంకో అమ్మాయి "కాదు, జరీ దుప్పటి" అంది. మేడం గారు నవ్వి "అవి బ్రాందీ సీసాల మూతలు" అన్నారు. మేమందరం ఒక్కసారి నవ్వాం. తరవాత ఎవరూ మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో చివర్లో రాస్తాను.

ఆ బట్ట చేసినాయన పేరు ఎల్ అనాట్సుయ్. ఈ పాఠం ఆయన గురించే.

1. బాల్యము, చదువు

ఆఫ్రికా ఖండంలో పడమర వైపు సముద్రం ఒడ్డున ఘానా అనే దేశం కలదు. ఎల్ అనాట్సుయ్ గారు 1944వ సంవత్సరంలో ఆ దేశంలోని అన్యాకో అనే ఊరిలో పుట్టారు. అప్పుడు అది బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉండేది. దాన్ని గోల్డ్ కోస్ట్ అనేవారు. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక ఘానా అని పేరు పెట్టుకున్నారు. మనకంటే పది సంవత్సరాలు ఆలస్యంగా వచ్చింది.

ఆయన ఎవే అనే తెగకి చెందినవారు. వాళ్ల నాన్నగారికి 32 మంది పిల్లలు. అందరికంటే చిన్నవాడు ఈయనే. చిన్నప్పుడే తల్లి చనిపోతే బంధువైన ఒక చర్చి పాస్టరు గారింట్లో పెరిగారు. వాళ్ల నాన్న, అన్నలు 'కెంటె' అనే బట్ట నేసేవారు. కెంటె నేత మన చీర నేతలా కాదు. సుమారు నాలుగు అంగుళాల వెడల్పు పట్టీలు పొడుగ్గా నేస్తారు. ఆ పట్టీలను పక్కపక్కన పెట్టి కుట్టి పెద్ద బట్ట చేస్తారు. ఇది గుర్తు పెట్టుకోండి, తరవాత పనికొస్తాది. ఈయన మాత్రం మగ్గం మీద కూర్చుని ఆ పని నేర్చుకోలేదు. చదువుకి వెళ్లిపోయారు.

కుమాసి అనే పట్టణంలో కళల కాలేజీలో చదివి 1968లో పట్టా పొందారు. ఆ కాలేజీలో చెప్పిన పాఠాలు ఎక్కువగా యూరప్ వాళ్ల కళ గురించే. వాళ్ల బొమ్మలు, వాళ్ల శిల్పాలు. ఘానా ప్రజలు చేసుకునే పనుల గురించి తక్కువ. అది ఆయనకి వెలితిగా తోచింది. అందుకని అదే ఊరిలో ఉన్న సంస్కృతి కేంద్రానికి పోయి అక్కడ బట్ట నేసేవాళ్లని, డోలు చేసేవాళ్లని, బట్టల మీద అచ్చులు వేసేవాళ్లని చూసేవారు. అక్కడ 'అడింక్రా' అనే గుర్తులు ఆయనకి నచ్చాయి. ఒక్కో గుర్తుకి ఒక్కో అర్థం. అందులో ఒకటి 'సాంకోఫా'. అది మెడ వెనక్కి తిప్పిన పక్షి. మరిచిపోయిన దాన్ని వెనక్కి వెళ్లి తెచ్చుకోవటం సిగ్గు కాదు అని దాని అర్థం.

ఇక్కడ నా సంగతి ఒకటి రాస్తాను. ఆరో తరగతిలో చేరినప్పుడు ఫారంలో 'తల్లికి తెలిసిన పని' అని గడి ఉంది. నేను 'ఏమీ లేదు' అని రాశాను. మా అమ్మ అడవికి పోయి అడ్డాకులు కోసుకొస్తాది, ఎండబెడతాది, వెదురు ఈనెలతో విస్తర్లు కుడతాది, సంతలో అమ్ముతాది. ఆ డబ్బులతోనే నాకు ట్రంకుపెట్టె కొన్నాది. అయినా నేను 'ఏమీ లేదు' అనే రాశాను. సాంకోఫా గురించి చదివినాక ఆ గడి గుర్తొచ్చింది.

2. మూతలకి ముందు

చదువయ్యాక అనాట్సుయ్ గారు విన్నెబా అనే ఊరిలో పాఠాలు చెప్పారు. అక్కడ బజారులో సరుకు పెట్టుకు అమ్మే చెక్క పళ్లేలు తీసుకుని, ఇనప కడ్డీలు కాల్చి, వాటి మీద అడింక్రా గుర్తులు వేశారు. ఖరీదైన రంగులు, గుడ్డలు పై దేశం నుంచి తెప్పించలేదు. బజారులో ఏముందో దానితోనే చేశారు.

1975లో నైజీరియా దేశం వెళ్లారు. న్సుక్కా అనే పట్టణంలో విశ్వవిద్యాలయంలో శిల్పం నేర్పే మాస్టారుగా చేరారు. 2011లో రిటైరు అయ్యేదాకా అక్కడే పని చేశారు. ఆ చోట ఇగ్బో ప్రజలు ఎక్కువ. ఇగ్బో ఆడవాళ్లు ఇంటి గోడల మీద, ఒంటి మీద 'ఉలి' అనే గీతలు వేసేవారు. న్సుక్కాలో ఉచే ఒకెకె అనే కళాకారుడు, ఇంకా ఇతర మాస్టార్లు ఆ ఆడవాళ్ల గీతలని కాలేజీ చదువులోకి తెచ్చారు. ఆడవాళ్లు గోడ మీద వేసింది కాలేజీలో పాఠం అయ్యింది.

అనాట్సుయ్ గారు అక్కడ మట్టికుండలతో చేశారు. కుండలు చేసి అవి పగిలినట్టుగా, అతికినట్టుగా ఉంచారు. పగిలిన కుండ పారేసేది కాదు, దానికి ఇంకో పని ఉంటాది అని ఆయన ఆలోచన. చెక్కలను రంపం మిషనుతో కోసి, కాల్చి, వరసగా నిలబెట్టారు. పాలడబ్బా మూతలు, కర్రపెండలం తురిమే పాత రేకులతో కూడా చేశారు.

3. సంచి దొరికిన రోజు

1998లో న్సుక్కా ఊరి బయట ఆయనకి ఒక సంచి కనిపించింది. దాని నిండా మందుసీసాల అల్యూమినియం మూతలు. ఆయన ఆ సంచి పనిశాలకి తెచ్చుకున్నారు. వెంటనే ఏమీ చెయ్యలేదు. కొన్ని నెలలు అలాగే ఉంచారు. ఆ సంచిని చూస్తూ, దీనితో ఏం చెయ్యొచ్చా అని ఆలోచించారు. (మన గదిలో ఎవరైనా కొన్ని నెలలు సంచి దాచితే మేట్రన్ అమ్మ ఊరుకోదు.)

తరవాత ఆ మూతలని రాగి తీగతో ఒకదానికొకటి కుట్టి చూశారు. కుట్టగా కుట్టగా అది రేకులా బిగుసుకోలేదు. బట్టలాగ వంగింది, మడత పడింది. అప్పుడు ఆయనకి దారి దొరికింది. ఆ రకంగా మొదట చేసినవాటికి 'మగవాని బట్ట', 'ఆడదాని బట్ట' అని పేర్లు పెట్టారు. అవి ఇప్పుడు లండన్లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నాన్న, అన్నలు పట్టీలు కలిపి కుట్టినట్టే ఈయన కూడా ముక్కలు కలిపి కుట్టారు. దారానికి బదులు రాగి తీగ, నూలుకి బదులు మూత. చిన్నప్పుడు నేర్చుకోని పని వెనక్కి వెళ్లి తెచ్చుకున్నారు.

4. పని జరిగే విధానము

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. వార్షిక పరీక్షలో రాదు గాని తెలుసుకోవాలి.

(అ) మూతలు సేకరించుట: ఖాళీ సీసాలు కడిగి మళ్లీ వాడే చోట మూతలు మిగిలిపోతాయి. వాటిని బస్తాల లెక్కన కొంటారు.

(ఆ) విడదీయుట: ఒక మూతలో మూడు భాగాలు ఉంటాయి. పైన గుండ్రటి బిళ్ల, పక్క గోడ, సీసా మెడకి ఉండిపోయే రింగు. బిళ్లని అలాగే వాడతారు. పక్క గోడని కోసి సాపు చేస్తే చిన్న పట్టీ అవుతాది. దాన్ని మడవొచ్చు, మెలి తిప్పొచ్చు. రింగులు కలిపితే వల లాగ అవతలది కనిపిస్తాది. ఒక్కో రకానికి ఒక్కో అల్లిక.

(ఇ) రంగు: ఆయన రంగు వెయ్యరు. మూత మీద కంపెనీ వాళ్లు వేసిన ఎరుపు, పసుపు, నలుపు, బంగారు రంగే. తిరగేస్తే లోపల వెండి రంగు. అంతే.

(ఈ) కుట్టుట: అంచులకి మేకుతో చిల్లులు పొడిచి, రాగి తీగ దూర్చి, మెలిపెడతారు. మా అమ్మ ఆకు మీద ఆకు పెట్టి ఈనె గుచ్చి విరిచినట్టే. దీనికి పదుల మంది సహాయకులు పని చేస్తారు, వాళ్లకి కూలి ఇస్తారు. ఎక్కువమంది న్సుక్కా కుర్రాళ్లే. ఒక్కొక్కరు ఒక్కో ముక్క కుడతారు.

(ఉ) కలుపుట: ముక్కలన్నీ నేల మీద పరుస్తారు. మాస్టారు పైనుంచి చూస్తారు, ఫొటోలు తీస్తారు. ఈ ముక్క అక్కడ, ఆ ముక్క ఇక్కడ అని మార్పిస్తారు. నచ్చేదాకా మార్చుతూనే ఉంటారు. నచ్చినాక అన్నీ కలిపి కుట్టేస్తారు.

(ఊ) వేలాడదీయుట: ఇదే అన్నిటికంటే వింత. అంత పెద్ద బట్టని మడిచి పెట్టెలో పెట్టి పంపిస్తారు. ఎలాగ వేలాడదియ్యాలో మాస్టారు గట్టిగా చెప్పరు. అక్కడివాళ్లు తమకి తోచినట్టు మడతలు పెట్టుకోవచ్చు. అందుకే ఒకే బట్ట ఒక ఊరిలో ఒకలాగ, ఇంకో ఊరిలో ఇంకోలాగ ఉంటాది. చెరువు నీళ్లు గాలికి మారినట్టు. శిల్పం అంటే కదలకుండా ఉండేది అని మనం అనుకుంటాం. ఆయన శిల్పం దుప్పటిలాగ మడత పడతాది.

2007లో ఇటలీ దేశంలో వెనిస్ నగరంలో జరిగిన పెద్ద కళా ప్రదర్శనలో ఆయన 'దుసాసా' అనే రెండు బట్టలు పెట్టారు. అందులో ఒకటి సుమారు 6 మీటర్ల ఎత్తు, 7 మీటర్ల వెడల్పు. మన భోజనశాల గోడకంటే పెద్దది. దుసాసా అంటే ఊరివాళ్లంతా కలిసి వేసిన అతుకుల బట్ట అని అర్థం చెబుతారు. అదే ఏడాది అక్కడ ఒక పాత మేడ ముందు గోడకి కూడా ఒక బట్ట కప్పారు. 2015లో అదే వెనిస్ ప్రదర్శనలో జీవితకాల కృషికి ఆయనకి 'బంగారు సింహం' బహుమతి ఇచ్చారు.

5. మూత వెనక చరిత్ర

ఆయన మూతలే ఎందుకు తీసుకున్నారు? ఊరికే మెరుస్తాయి అని కాదు.

సుమారు నాలుగు వందల సంవత్సరాలు యూరప్ వర్తకులు ఆఫ్రికా పడమటి ఒడ్డుకి ఓడల్లో వచ్చారు. వాళ్లు తెచ్చిన సరుకుల్లో బట్టలు, తుపాకులు, మందు ఉండేవి. ఆ సరుకు ఇచ్చి బంగారం తీసుకున్నారు, మనుషులని కూడా తీసుకున్నారు. సుమారు 1 కోటి 25 లక్షల మందిని బానిసలుగా ఓడలెక్కించారు. అందులో సుమారు 18 లక్షల మంది సముద్రం మీదనే చనిపోయారు. బతికి అమెరికా ఒడ్డు చేరినవాళ్ల చేత చెరుకు తోటల్లో పని చేయించారు. ఆ చెరుకు బెల్లపు మడ్డి నుంచి రమ్ము అనే మందు కాచారు. ఆ రమ్ముని మళ్లీ ఓడలెక్కించి ఆఫ్రికా తెచ్చి, మళ్లీ మనుషులని కొన్నారు. చక్రం చూడండి. తీసుకుపోయిన మనిషి చెమటతో తయారైన మందునే ఇచ్చి, వాళ్ల తమ్ముడినో చెల్లినో కొన్నారు. బ్రిటన్ ఈ వ్యాపారాన్ని 1807లో చట్టం చేసి ఆపింది. చట్టం వచ్చాక కూడా దొంగతనంగా ఇంకా కొన్నాళ్లు సాగింది.

అందుకే మూత అంటే ఆయనకి మూడు ఖండాలను కలిపిన వస్తువు. ఆఫ్రికా, యూరప్, అమెరికా. వాటిని కలిపి కుట్టినప్పుడు ఆ చరిత్ర కూడా కుట్టులో ఉంటాది.

2023 అక్టోబరు నుంచి 2024 ఏప్రిల్ వరకు లండన్లో టేట్ మోడరన్ అనే చోట 'ఎర్ర చంద్రుని వెనుక' అని ఆయన పని ప్రదర్శించారు. ఆ చోటు ఒకప్పుడు కరెంటు తయారు చేసే కేంద్రం. మూడు పెద్ద బట్టలు. మొదటిది ఓడ తెరచాప లాగ, దాని మీద ఎర్ర చంద్రుడు. రెండోది గాలిలో వేలాడే ముక్కలు. అవి మనుషుల లాగ విడివిడిగా ఉంటాయి. ఒక చోట నిలబడి చూస్తే మాత్రం అన్నీ కలిసి గుండ్రటి భూమిలాగ కనిపిస్తాయి. మూడోది పైనుంచి నేల దాకా నల్లటి గోడ. వెనక్కి వెళ్లి చూస్తే రంగులు.

6. నాకు వచ్చిన రెండు సందేహాలు

మొదటి సందేహం: పదుల మంది కుట్టారు గదా, పేరు మాస్టారిదే ఎందుకు? మ్యూజియం గోడ మీద ఎల్ అనాట్సుయ్ అనే ఉంటాది. మేడం గారిని అడిగితే "ఆలోచన ఆయనది, ఇల్లు కట్టించినాయన పేరు రాస్తారు గాని మేస్త్రీ పేరు రాస్తారా" అన్నారు. నాకు సగమే ఒప్పుదల అయ్యింది. ఆలోచన లేకపోతే మూతలు చెత్తే. చేతులు లేకపోతే ఆలోచన ఆలోచన దగ్గరే ఉండిపోతాది. మా అమ్మ కుట్టిన విస్తరి పెళ్లిలో వాడతారు, కుట్టినామె పేరు ఎవరూ అడగరు. ఆయన మాత్రం బట్టకి 'ఊరివాళ్లంతా కలిసి వేసింది' అని పేరు పెట్టారు. అది మంచిదే. పేర్లు కూడా రాస్తే ఇంకా మంచిది అని నా అభిప్రాయం.

రెండో సందేహం: మొదట్లో ఎందుకు మాట్లాడలేదో రాస్తానన్నాను. మూతలు అనగానే మాలో చాలామందికి ఇల్లు గుర్తొచ్చింది. మా ఊరిలో కుళాయి పక్కన, బడి అరుగు కింద మూతలు పడి ఉంటాయి. చిన్నప్పుడు వాటితో ఆడుకునేవాళ్లం. పెద్దయ్యాక ఎర్రమూత చూస్తే నాకు బట్ట గుర్తు రాదు. ఆ రాత్రి అన్నం కుండ తన్నింది గుర్తొస్తాది. అలాంటి మూతని అంత అందంగా చెయ్యటం తప్పు కాదా, తాగుడుని మెచ్చుకున్నట్టు కాదా అని అనుకున్నాను.

రెండు రోజులు ఆలోచించాను. ఆయన మూతకి రంగు పూసి దాచలేదు. కంపెనీ పేరు కూడా చెరపలేదు. దగ్గరికి వెళితే అది మందుమూతే అని తెలుస్తాది. దూరం నుంచి అందం, దగ్గర నుంచి నిజం. రెండూ ఒకే దాంట్లో ఉన్నాయి. పైగా సీసా ఖాళీ అయ్యాక మిగిలిన మూత మీద తాగినవాడి చెయ్యి ఒక్కసారే పడింది. కుట్టినవాళ్ల చేతులు చాలాసార్లు పడ్డాయి. ఇప్పుడు ఆ మూత ఎవరిది? నా లెక్కలో కుట్టినవాళ్లదే. ఇది తప్పైతే టీచర్లు దిద్దగలరు.

7. ఇంకొక కళాకారుడు

ఘానాలోనే ఇబ్రహీం మహామా అనే ఆయన ఉన్నారు. 1987లో టమాలే అనే ఊరిలో పుట్టారు. ఆయన పాత గోనెసంచులతో చేస్తారు. మొదట ఆ సంచుల్లో కోకో గింజలు పోస్తారు. చాక్లెట్ ఆ గింజలతోనే చేస్తారు. చిరిగిన తరవాత అవే సంచుల్లో బొగ్గు పోస్తారు. ఆయన కొత్త సంచులిచ్చి పాతవి తీసుకుని, చాలామంది చేత కలిపి కుట్టించి, పెద్ద పెద్ద భవనాలకి కప్పుతారు. సంపాదించిన డబ్బుతో తన ఊరిలోనే 2019లో కళా కేంద్రం కట్టారు. అక్కడికి బడి పిల్లలు వస్తారు. అనాట్సుయ్ గారికి కూడా ఇప్పుడు ఘానాలో తేమా పట్టణంలో పనిశాల ఉంది. పెద్ద పేరు వచ్చినాక కూడా ఇద్దరూ ఆఫ్రికాని వదల్లేదు.

8. మనం చేసి చూద్దాం

హెచ్చరిక: మందుమూతలు ఏరొద్దు. అంచులు తెగుతాయి, మురికి ఉంటాది, వార్డెన్ అమ్మగారు కోప్పడతారు.

కావలసినవి: అయిపోయిన నోటుబుక్కుల అట్టలు, ఎండిన అడ్డాకులు, సబ్బు కాగితాలు, బిస్కట్ కాగితాలు, సూది, దారం.

చేసే పద్ధతి: ఒక్కో గది వాళ్లు ఒక మూర పొడవు, ఒక మూర వెడల్పు ముక్క కుట్టాలి. ఎవరికి నచ్చిన అల్లిక వాళ్లది. శనివారం అన్ని ముక్కలు వరండాలో పరిచి, మార్చి మార్చి చూసి, కలిపి కుడదాం. ప్రతి ఆదివారం ఒక గది వాళ్లు దాన్ని తమకి తోచినట్టు మడిచి కట్టాలి. కింద కుట్టిన అందరి పేర్లు రాయాలి. చిన్న తరగతి చెల్లెళ్ల పేర్లు కూడా. బొమ్మలు రానివాళ్లు కూడా చెయ్యొచ్చు. అందుకే నేను ముందు చేరుతున్నాను. వార్డెన్ అమ్మగారు దయచేసి అనుమతి ఇవ్వగలరు.

ప్రశ్నలు

1. కెంటె బట్టకీ మూతల బట్టకీ పోలిక ఏమి?
2. ఒకే బట్ట ఒక్కో ఊరిలో ఒక్కోలాగ ఎందుకు ఉంటుంది?
3. మూత మూడు ఖండాలను ఎలా కలిపినది?
4. మీ ఇంటిలో అమ్మకి, అవ్వకి, నాన్నకి చేతితో వచ్చిన పని ఒకటి రాయుము. ('ఏమీ లేదు' అని రాయరాదు.)

నాలుగో ప్రశ్నకి జవాబు నేను ముందే రాసేశాను. ఆరో తరగతి ఫారంలో దిద్దటానికి కుదరదని ఆఫీసులో చెప్పారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మకి తెలిసిన పని: అడ్డాకుల విస్తరి కుట్టుట. రోజుకి వందకి తక్కువ కుట్టదు.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని